నర్సరీ గులాబీ కుండీలో వాడిపోతోందా? వేర్ల చుట్టూ ఉన్న మట్టిముద్ద చూశారా?

నర్సరీలో నిండా పూలతో ఉన్న గులాబీని తెచ్చి పెద్ద కుండీలోకి మారుస్తాం. ఉన్న మొగ్గలు విచ్చుకుంటాయి. ఆ తర్వాత కొత్త చిగురు రాదు, కింది ఆకులు పసుపెక్కి రాలతాయి, కొమ్మల కొసలు నల్లబడతాయి. వెంటనే టెన్షన్ పడి అరటి తొక్కల నీళ్లు, ఉల్లిపొట్టు నీళ్లు, జీవామృతం, వేపనూనె ఒకదాని వెనక ఒకటి మొదలుపెడతారు. దయచేసి ఆగండి. వేరుకి నీళ్లే అందనప్పుడు ఎరువు ఎంత మంచిదైనా ఏం లాభం?

ముందు చూడాల్సినవి

రోజుకు కనీసం 5-6 గంటలు నేరుగా ఎండ పడుతోందా? నీడ బాల్కనీలో గులాబీ సరిగ్గా పూయదు, ఎండ లోటుని ఏ ఎరువూ తీర్చలేదు. కుండీ అడుగు రంధ్రాలు తెరుచుకునే ఉన్నాయా? అంటు కట్టిన ముడి (వేరు మొక్కకి గులాబీ కొమ్మని అతికించిన చోట కాండం మీద ఉండే ఉబ్బు) మట్టిపైన కనిపిస్తోందా? ఆ ముడి కింది నుంచి ఏపుగా లేచిన కొమ్మ ఉంటే దాన్ని మొదలంటా తీసేయండి. అది మీరు కొన్న రకం కాదు, మొక్క బలమంతా లాగేస్తుంది.

బయటికి కనిపించని కారణం: బంకమట్టి

మన ఊళ్లలో రోడ్డు పక్కన అమ్మే గులాబీల్లో చాలా మొక్కలు నర్సరీలకు పేరున్న తూర్పుగోదావరి జిల్లా కడియం లాంటి చోట్ల నుంచి లారీల్లో వస్తాయి. వాటి వేర్ల చుట్టూ గట్టి బంకమట్టి ముద్ద ఉంటుంది. ప్రయాణంలో వేర్లు కదలకుండా, ఎండకుండా అదే కాపాడుతుంది కాబట్టి నర్సరీవాళ్లను తప్పుపట్టాల్సింది లేదు. చిక్కంతా మన కుండీలో మొదలవుతుంది. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), వర్మీ కంపోస్ట్ కలిపిన గుల్ల మట్టిలో ఆ ముద్దని ఉన్నదున్నట్టు దింపేస్తాం. పోసిన నీళ్లు గుల్ల మట్టిలోంచి జారి అడుగున బయటికి పోతాయి. ముద్ద ఒకసారి పూర్తిగా ఆరిందంటే ఇటుకలా బిగుసుకుంటుంది, ఇక దాని మధ్యలో ఉన్న వేర్లకు తడి అందదు.

మట్టి తడిగా ఉందో లేదో వేలు పెట్టి చూసేవాళ్లు కూడా ఇక్కడే మోసపోతారు, ఎందుకంటే వేలు పెట్టేది కుండీ అంచున. అక్కడ తడి తగులుతుంది. నీళ్లు ఎక్కువయ్యాయేమో అనుకుని తగ్గిస్తారు, మొక్క ఇంకా వాడిపోతుంది. వానాకాలంలో ఇదంతా తారుమారు. నానిన ముద్ద రోజుల తరబడి ఆరదు, గాలి ఆడక వేర్లు కుళ్లిపోతాయి. పైకి మాత్రం అవే పసుపు ఆకులు, అదే వాలిపోయిన చిగురు.

తేల్చుకోవడం సులువే. నీళ్లు పోసిన గంట తర్వాత సన్నటి ఇనుప ఊచని ముందు కుండీ అంచున గుచ్చండి, మెత్తగా దిగుతుంది. తర్వాత కాండానికి రెండు అంగుళాల దూరంలో గుచ్చండి. టక్కున ఆగిపోయి, బయటికి లాగితే కొసన తడి లేకుండా పొడి దుమ్ము అంటిందంటే ముద్ద ఎండిపోయినట్టే. జిగట మట్టి అంటుకుని కుళ్లు వాసన వస్తే లోపల నీరు నిలిచినట్టు.

పరిష్కారం

కొత్త మొక్కైతే నాటే ముందే ముద్దని బకెట్ నీళ్లలో ముంచండి. బుడగలు ఆగేదాకా ఉంచి, నీళ్లలోనే వేళ్లతో నిమురుతూ పైపొర మట్టిని కరిగించండి. మూడో వంతు పోతే చాలు. మొత్తం కడిగేయాలని చూస్తే సన్న వేర్లు తెగి మొక్కే చచ్చిపోతుంది. తర్వాత కనీసం 12 అంగుళాల కుండీలో ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొంచెం ఇసుక, గుప్పెడు వేపపిండి కలిపి నాటండి. వారం పది రోజులు నీడపట్టున ఉంచండి.

కుండీలో ఇప్పటికే ఉన్న మొక్కని నడి వేసవిలో పెకలించకండి. ముద్దలోకి ఊచతో నాలుగైదు చోట్ల ఏటవాలుగా రంధ్రాలు చేయండి. నీళ్లు ఒకేసారి గుమ్మరించకుండా కాసిని పోసి, పావుగంట ఆగి మళ్లీ పోయండి. పైన ఎండుటాకులు పరవండి. ముద్దని కరిగించి మళ్లీ నాటే సంగతి చలి మొదలయ్యాక చూసుకోవచ్చు. వానాకాలంలో లోపల నీరు నిలిచిందని తేలితే మాత్రం ఆలస్యం చేయొద్దు. మొక్కని తీసి, కుళ్లి నల్లబడిన వేర్లు కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టండి.

ఏ పద్ధతిలో చేసినా కొత్త చిగురు కనిపించేదాకా పైనుంచి వేరే ఎరువు వేయకండి. నల్లబడిన కొసల్ని పచ్చటి కొమ్మ తగిలేదాకా కత్తిరిస్తే చాలు.

మిగతావి

మొగ్గల అంచులు గోధుమరంగుకి తిరిగి విచ్చుకోకపోతే తామర పురుగులు (థ్రిప్స్). లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఆకు అడుగున సన్న సాలెగూడు ఉంటే ఎర్రనల్లి, దానికి ఆకుల అడుగుకి నీటిని జోరుగా కొట్టడమే మొదటి వైద్యం. వానల్లో వచ్చే నల్లమచ్చకి మచ్చలున్న ఆకులు ఏరి పారేయండి, నీళ్లు పొద్దున్నే, మొక్క మొదట్లో మాత్రమే పోయండి. లేత ఆకు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. బోరు నీళ్లు ఉప్పగా ఉన్న ఇళ్లలో ఇది మామూలే, వాన నీళ్లు పట్టి పోస్తే తేడా తెలుస్తుంది.  వేర్ల మీద బుడిపెలు కనిపిస్తే నులిపురుగులు (వేర్లలో చేరే, కంటికి కనిపించని సన్న పురుగులు) అయ్యుండొచ్చు, మట్టి మార్చేయండి.