పాత పాస్కల్ ప్రోగ్రాం, కొత్త కంప్యూటర్: నా అనుభవం

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మా మామయ్యది కమీషన్ దుకాణం. పత్తి, మిర్చి తూకాల లెక్కలన్నీ ఎప్పుడో టర్బో పాస్కల్ (పాస్కల్ భాషలో ప్రోగ్రాంలు రాసే పాత సాధనం)లో రాయించిన ప్రోగ్రాంలోనే. 64 బిట్ విండోస్ ఆ 16 బిట్ ప్రోగ్రాంను గడప తొక్కనివ్వలేదు. అదృష్టం, సోర్సు (ప్రోగ్రామర్ రాసిన అసలు కోడ్) ఉంది. ఇప్పటి కంప్యూటర్లకు పనికొచ్చే ఫ్రీ పాస్కల్ అనే కంపైలర్‌తో దాన్ని మళ్లీ కంపైల్ చేశాను, అంటే ఈ కంప్యూటర్‌లో నడిచే రూపంలోకి మార్చాను.

తెరుచుకుంది గానీ క్వింటాళ్లన్నీ అర్థంలేని అంకెలు! పాత ఫైలులో తూకాలు ‘రియల్’ (దశాంశ సంఖ్యల రకం)గా ఉన్నాయి. టర్బో పాస్కల్‌లో రియల్ అంటే 6 బైట్లు, ఫ్రీ పాస్కల్‌లో 8. అదీ తిరకాసు. రికార్డును ప్యాక్డ్‌గా (ఫీల్డుల మధ్య ఖాళీ బైట్లు లేకుండా) ఉంచి, ఆ తూకం ఫీల్డులను పాత 6 బైట్ల రకమైన రియల్48గా ప్రకటించి, చదివాక రియల్2డబుల్ అనే ఫంక్షన్‌తో 8 బైట్ల సంఖ్యలుగా మార్చాను. తూకాలు చిట్టాతో సరిపోయాయి.

“పక్క దుకాణానికి అమ్మితే సోర్సు కూడా ఇవ్వాలా అల్లుడూ?” అని మామయ్య బెంగ. అక్కర్లేదు. ఫ్రీ పాస్కల్ కంపైలర్‌ది, పంచితే సోర్సు కూడా ఇవ్వాలనే జీపీఎల్ లైసెన్సే అయినా, మన ప్రోగ్రాంలో కలిసే రన్‌టైమ్ లైబ్రరీ (ప్రోగ్రాం నడవడానికి కావాల్సిన సిద్ధం కోడ్)ది స్టాటిక్ లింకింగ్ మినహాయింపు ఉన్న ఎల్‌జీపీఎల్; అంటే అది మన ప్రోగ్రాంలో కలిసిపోయినా మన సోర్సు ఇవ్వనక్కర్లేదు. అప్పుడే ధర గురించి ఆలోచన మొదలుపెట్టాడు.