మొక్కును పనిగా చెల్లించడం ఎలా

చిత్తూరులో దస్తావేజు లేఖరిగా ముప్పై ఏళ్లకు పైగా పని చేస్తున్న నాకు, ప్రోనోటు రాయించుకోవడానికి వచ్చే మనిషి ఎంత జాగ్రత్తగా ఉంటాడో బాగా తెలుసు. అసలెంత, వడ్డీ ఎంత, ఎవరికి చెల్లించాలి, ఏ తేదీన రాసుకున్నాం అన్న ప్రతి మాటనూ రెండుసార్లు చదివించుకుని, ఆ తరువాతే రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెడతాడు. అదే మనిషి, ఇంట్లో ఒకరికి ప్రాణం మీదికి వచ్చినప్పుడు పటం ముందు నిలబడి, ‘స్వామీ, ఈ గండం గట్టెక్కితే నాకు తోచింది నీకు చేస్తాను’ అని మొక్కుకుంటాడు. ఎంత, ఎప్పుడు, ఎలా అన్నది అందులో ఏమీ ఉండదు. ఆపదమొక్కులవాడికి ఇచ్చిన మాటను మనిషికి ఇచ్చిన మాటకన్నా పలుచగా చూడటం నేనూ చేశాను కాబట్టే, మొక్కును ఎలా మొక్కుకోవాలో, ఎలా చెల్లించాలో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

ఎనిమిదేళ్ల కిందట నా రెండు కళ్లకూ శుక్లాలు కమ్మాయి. సర్వే నంబరులో 3 ఏదో 8 ఏదో కంటికి ఆనక, ఒక క్రయదస్తావేజులో తప్పు దొర్లి, దానికి మళ్లీ సవరణ దస్తావేజు రాయవలసి వచ్చింది. చూపు పోతే అన్నం పెట్టే విద్యే పోతుందన్న భయంతో, ‘చూపు నిలబెట్టు తండ్రీ, నా చేతనైనది చేస్తాను’ అని ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. శస్త్రచికిత్స జరిగింది, చూపు వచ్చింది, పని మొదలైంది. దాదాపు మూడేళ్లు గడిచినా ‘చేతనైనది’ ఏమిటో తేల్చుకోలేదు. ప్రోనోటు మీద దావా వేయడానికి చట్టం మూడేళ్ల గడువు పెట్టింది. మొక్కుకు అలాంటి గడువేదీ లేదు కనుక దానిని మనమే పెట్టుకోవాలని నాకు అప్పుడు తట్టింది.

కాబట్టి మొదటి పని, మొక్కును మాటలలో స్పష్టంగా పెట్టడం. ఏమి చేస్తాను, ఎప్పుడు మొదలుపెడతాను, ఎంతకాలం చేస్తాను అన్నది ఒక వాక్యంలో ఇమడాలి, ఆ వాక్యం చిన్నపిల్లవాడికి చదివి వినిపించినా అర్థం కావాలి. మన శక్తికి మించినది అందులో చేర్చకూడదు. అంతకన్నా ముఖ్యం, ఇంకొకరి ఒంటి మీద మొక్కుకోకూడదు. మనవడికి జ్వరం తగ్గితే కోడలు అలిపిరి నుంచి కొండకు నడిచి వస్తుందని అత్తగారు మొక్కుకోవడం మా వైపు కొత్తేమీ కాదు. ఆ 3,550 మెట్లు ఎక్కే సత్తువ, మోకాళ్ల పర్వతం దాటే ఓపిక ఆ అమ్మాయికి ఉన్నాయా అని ఒక్కరైనా అడగరు. నడక మొక్కుకోవాలనుకుంటే తన కాళ్లకే మొక్కుకోవాలి, అలిపిరి దారి కష్టమనుకున్నవారికి 2,388 మెట్ల శ్రీవారి మెట్టు దారి ఉండనే ఉంది.

మాట స్థిరపడిన తరువాత ముడుపు కట్టాలి. తలస్నానం చేసి, కొత్త తెల్లగుడ్డ ముక్కను పసుపు నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టాలి. తడి పూర్తిగా పోయాక అందులో రూపాయి బిళ్ల గానీ పదకొండు రూపాయలు గానీ పెట్టి, మొక్కును పైకి వినిపించేలా చెప్పుకుని, ముడి వేసి పటం దగ్గర ఉంచాలి. మనసులో అనుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదనే నా అభిప్రాయం. సొంత గొంతు సొంత చెవికి వినిపించినప్పుడు మాటకు బరువు వస్తుంది, ఇంట్లో మరొకరు వింటే ఇంకా మంచిది. నా ముడుపులో రూపాయి బిళ్లతో పాటు చిన్న కాగితం మడిచి పెట్టాను, దాని నకలు నోటుపుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. ‘ఈ పెరటాసి నెల నుంచి వచ్చే పెరటాసి వరకు, ప్రతి సోమవారం ఉదయం, రాయించుకునే స్తోమత లేనివారికి కూలి తీసుకోకుండా అర్జీలు రాస్తాను’ అన్నదే ఆ వాక్యం. పెరటాసి అంటే సెప్టెంబరు మధ్యలో మొదలయ్యే తమిళ నెల, మా వైపు అది వెంకన్నకు ప్రత్యేకం. కుబేరుడి దగ్గర పెళ్లికి చేసిన అప్పుకు వడ్డీ కడుతున్న వడ్డికాసులవాడికి ఆలస్యం చేసిన బాకీని వడ్డీతో కలిపి ఇవ్వడం మన ఆనవాయితీ కాబట్టి, గడిచిన మూడేళ్లకు వడ్డీ కింద కొంత సొమ్ము లెక్క కట్టి, కొండ మీద హుండీలో వేసి వచ్చాను. అయితే ఆ సొమ్ముతో మొక్కు తీరిందని ఎన్నడూ అనుకోలేదు.

హుండీ దగ్గరికి వెళ్లకముందే చేయవలసిన పని ఇంకొకటి ఉంది. ఆపద నుంచి గట్టెక్కించిన మనుషుల పేర్లు ఒక కాగితం మీద రాసుకోవాలి. నా కాగితంలో మందు చుక్కలు వేయడం మా ఇంటావిడకు ఓపికగా నేర్పిన నర్సు ఉంది, కట్టు విప్పేరోజు తెల్లవారుజామునే వచ్చి నిలబడిన ఆటో డ్రైవరు ఉన్నాడు, నెలరోజుల పాటు నా దగ్గరికి వచ్చిన కాగితాలను తాను రాసి, కూలి డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టిన పక్క బల్ల లేఖరి ఉన్నాడు. దేవుడికి చెప్పుకున్నంత మాత్రాన వీరి బాకీ తీరదు. ఒక్కొక్కరి దగ్గరికి స్వయంగా వెళ్లి, వారు చేసిన మేలును పేరుపెట్టి చెప్పాలి. ‘మీ అందరి దయ’ అన్న మాట ఎవరికీ చెందకుండా గాలిలో కలిసిపోతుంది. ‘ఆ నెల నువ్వు నా బల్ల నడపకపోతే మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టేవాడిని కాదు’ అని చెప్పినప్పుడు ఆ పక్క బల్లాయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ కబురు అంతకుముందు ఆయనకు తెలియదు.

ఇవ్వడం గురించి పెద్దగా రాయవలసింది లేదు, మా జిల్లాలో పిల్లలు కూడా దానిని చేసి చూపిస్తారు. పెరటాసి శనివారాలలో చెంబుకు మూడు నామాలు పెట్టి, ‘గోవిందా గోవింద’ అంటూ ఇంటింటికీ వెళ్లి బియ్యం అడుగుతారు, ఆ బియ్యంతో పొంగలి వండి అందరికీ పెడతారు. ఉన్నవాడికి కూడా ఆ రోజు చేయి చాచి అడగడం తప్పదు, లేనివాడికి కూడా పిడికెడు వేసే వంతు వస్తుంది. దానం మొదలుపెట్టాలనుకునేవారు ఒకసారి ఆ చెంబు పట్టుకుని వీధిలో తిరిగితే, అడిగేవాడి ముఖం ఎలా ఉంటుందో తెలిసి, ఆ తరువాత ఇచ్చే తీరు మారుతుంది.

ఇక అసలు పని. మొక్కుగా చేసే పని మన చేతికి బాగా అలవాటైనదై ఉండాలి, ఎందుకంటే ఉచితంగా ఇచ్చేది నాసిగా ఉండకూడదు. దర్జీకి కుట్టు, మేస్త్రీకి తాపీ, నాకు రాత. సోమవారం కలెక్టరేటుకు పల్లెల నుంచి అర్జీలు పట్టుకుని జనం వస్తారు, వారిలో చాలామందికి తమ బాధ నోటితో చెప్పడం వచ్చు, కాగితం మీద పెట్టడం రాదు. వారికోసం కూర్చునేవారు ముందు పూర్తిగా వినాలి, విన్న తరువాతే కలం తీయాలి. ఒక అర్జీలో ఒక్క విషయమే ఉండాలి. పొలం తగాదా, పింఛను, రేషన్ కార్డు ఒకే కాగితంలో కలిపితే అది ఏ శాఖకు పోవాలో తెలియక తిరుగుతుంది. ఏమి కావాలో మొదటి వాక్యంలోనే రాసి, ఊరు, మండలం, భూమి విషయమైతే సర్వే నంబరు, ఖాతా నంబరు, ఇంతకుముందు ఇచ్చిన అర్జీల తేదీలు తరువాత చేర్చాలి. రాసినదంతా వారికి పైకి చదివి వినిపించి, అవునన్నాకే వేలిముద్ర గానీ సంతకం గానీ తీసుకోవాలి. ఒక జిరాక్సు వారి దగ్గర ఉంచి, ఆఫీసులో ఇచ్చిన రసీదు నంబరును దాని వెనుక రాసి ఇవ్వాలి. పని జరిగి తీరుతుందని మాత్రం చెప్పకూడదు, అది మన చేతిలో లేదు.

ఒక సోమవారం గంగాధర నెల్లూరు వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. ఏళ్ల తరబడి చింతపండు గింజలు తీసి తీసి ఆమె వేళ్లు నున్నగా అరిగిపోయాయి. ‘నాయనా, నా వేలు ఆ మిషన్‌కు కనపడలేదంట, పింఛను ఆగిపోతాదంట’ అని చెప్పింది. ఆమె అరచేతిని వెలుతురు వైపు తిప్పి చూశాను, బొటనవేలి మీద ఒక్క గీత కూడా లేదు. వేలిముద్ర బదులు కనుపాప ద్వారా గానీ ముఖం ద్వారా గానీ గుర్తింపు తీసుకోవాలని రాయసాగాను. కనుపాప అన్న మాట దగ్గర నా చేయి ఒక్క క్షణం ఆగింది. చదివి వినిపించాక ఆమె కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు తీసింది. వద్దన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. అప్పుడు సంచిలోంచి పిడికెడు చెనక్కాయలు తీసి బల్ల మీద పెట్టింది, వాటిని కళ్లకద్దుకుని తీసుకున్నాను. కూలి తీసుకోకపోవడం మొక్కు. ఎదుటి మనిషి ప్రేమతో ఇచ్చినదాన్ని తోసిపుచ్చడం మొక్కులో భాగం కాదని ఆ రోజు తెలుసుకున్నాను. ఉచితం పేరుతో తోటివారి కూలి మీద దెబ్బ కొట్టకుండా చూసుకోవడం కూడా అంతే అవసరం, అందుకే స్తోమత ఉండి వచ్చినవారిని నేను పక్క బల్లలకే పంపుతాను.

చేతిలో ప్రత్యేకమైన విద్య లేదనుకునేవారు దిగులు పడనక్కరలేదు. తిరుమల తిరుపతి దేవస్థానం 2000లో శ్రీవారి సేవను ప్రారంభించింది. దేవస్థానం వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుంటే క్యూ కాంప్లెక్సులలోనో, అన్నప్రసాదం దగ్గరో కొన్ని రోజులు పని చేయవచ్చు. 1985లో మొదలైన అన్నదానం ఇప్పుడు మన తరిగొండలో పుట్టిన వెంగమాంబ పేరిట కట్టిన భవనంలో సాగుతోంది. అక్కడ సేవకు వెళ్లిన వారంలో నేను నేర్చుకున్నది సాంబారు వడ్డించడం: గరిటెను ఆకుకు దగ్గరగా దించి వంచాలి, పైనుంచి పోస్తే చీరలమీద, పంచెలమీద చిందుతుంది, మారు అడగడానికి మొహమాటపడే ముసలివారి దగ్గర మనమే ఒక్క క్షణం ఆగాలి. గంటల తరబడి నిలబడాలి కాబట్టి, మోకాళ్ల నొప్పి ఉన్నవారు కూర్చుని చేసే పనిని ముందుగానే అడగడం మేలు.

చివరగా లెక్క. మొక్కు నోటుపుస్తకంలో ప్రతి సోమవారానికీ ఒక వరుస ఉంచి, ఎన్ని అర్జీలు రాశానో అంకె మాత్రమే వేస్తాను; ఎవరివో వేయను, వారి కష్టం నా పుస్తకంలో ఉండవలసిన పని లేదు. తప్పిన వారం ఎదుట తప్పిందనే రాయాలి. ఈ విషయంలో నాకు దారి చూపేది కాణిపాకం. అక్కడ వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి ఎంతటివాడైనా జంకుతాడు. పక్కన పారే ఏటికి బాహుదా అన్న పేరు రావడానికి చెప్పే కథలో, ఆకలికి తాళలేక అడగకుండా మామిడిపండు తిన్న లిఖితుడు తానే రాజు దగ్గర తప్పు ఒప్పుకుని చేతులు పోగొట్టుకుంటాడు, ఆ ఏటిలో మునిగినప్పుడు అవి తిరిగి వస్తాయి. రాతగాడి పేరున్న ఆ లిఖితుడిని తలుచుకుని, మనవరాలి బారసాలకు వెళ్లి తప్పిపోయిన సోమవారం ఎదుట ‘రాలేదు’ అని రాసి, ఆ వారమే గురువారం బల్ల వేసుకుని కూర్చున్నాను. గురువారం అర్జీల రోజు కాదు కనుక ఇద్దరే వచ్చారు. వరుసలో రెండు అని వేసుకున్నాను.