మోడల్ ఇంజన్‌ని అసలు ఇంజన్‌లా మార్చే ముందు

రంగు తప్పితే కడిగేసి మళ్లీ వేసుకోవచ్చు. బ్లేడు తప్పితే కుదరదు. మోడల్ రైలింజన్‌ని అచ్చం అసలు ఇంజన్‌లా మార్చే పనికి కూర్చునేవాళ్లంతా రంగు గురించే టెన్షన్ పడతారు. ఇంజన్లు పాడయ్యేది మాత్రం ఎక్కువగా అంతకుముందే, కోత దగ్గరో జిగురు దగ్గరో.

ముందు ఫోటోలు. ఫలానా నంబరు ఇంజన్ చేస్తాను అనుకుంటే సరిపోదు, ఏ ఏడాదిదో కూడా తేల్చుకోవాలి. ఒక ఇంజన్ ముప్పై నలభై ఏళ్లు తిరుగుతుంది. ఈలోగా హెడ్‌లైటు మారుతుంది, ఒక కిటికీ మూసేస్తారు, వర్క్‌షాపుకి వెళ్లొచ్చాక రంగుల పట్టీలే మారిపోవచ్చు. వేర్వేరు కాలాల ఫోటోలు కలిపి చేస్తే ఏ రోజునా పట్టాల మీద లేని ఇంజన్ తయారవుతుంది. రెండు పక్కలా ఫోటోలు చూడండి, ఎడమ వైపు ఉన్న జాలీలు కుడి వైపు ఉండాలని లేదు. ఇంకొకరు చేసిన మోడల్‌ని చూసి మాత్రం చేయకండి, వాళ్ల తప్పు మీకు అంటుకుంటుంది.

కొలతలు కూడా ఇప్పుడే లెక్క వేసుకోవాలి. హెచ్‌ఓ స్కేలు అంటే 1:87, అంటే మోడల్ అసలుదానిలో 87వ వంతు. అసలు ఇంజన్ మీద 30 మి.మీ. లావున్న చేతికమ్మీ ఇక్కడ 0.35 మి.మీ. కూడా ఉండదు. చేతికి దొరికింది కదా అని 0.8 మి.మీ. తీగ పెడితే అది దాదాపు 70 మి.మీ. గొట్టంతో సమానం. రంగు ఎంత బాగా వేసినా ఆ గొట్టమే కంటపడుతుంది.

బాడీ విప్పే ముందు ఇంజన్‌ని కాసేపు నడిపి చూడండి. అప్పటికే ఉన్న లోపాన్ని తర్వాత మీ ఖాతాలో వేసుకోనక్కర్లేదు. విప్పేటప్పుడు ఒక్కో దశకీ ఫోటో తీసుకోండి. బాడీని ఒక్కసారిగా లాగితే లైట్ల తీగలు తెగుతాయి. డీకోడర్ (పట్టాల ద్వారా వచ్చే డిజిటల్ ఆజ్ఞల్ని చదివే చిన్న సర్క్యూట్) ఉంటే దాన్ని ముట్టుకునే ముందు ఎర్త్ అయిన లోహాన్ని తాకి, ఒంట్లోని స్టాటిక్ పోనివ్వాలి. తర్వాత ఛాసిస్‌ని, అంటే మోటారు, చక్రాలు ఉన్న అడుగు చట్రాన్ని, మూత ఉన్న డబ్బాలో పెట్టి వేరే బల్ల మీదికి మార్చేయండి. మోటారులో అయస్కాంతం ఉంటుంది, పక్కన ఇత్తడిని ఆకురాయితో గీసినా ఫర్వాలేదు కానీ ఇనుప రజను పడితే లోపలికి లాగేసుకుంటుంది.

బాడీతో పాటే అచ్చు పోసిన కమ్మీలను, వాటి చోట తీగ పెట్టడానికి, చెక్కి తీసేయడం అన్నిటికన్నా ఓపిక కావలసిన పని. కొత్త బ్లేడు వాడండి, మొద్దు బ్లేడే జారి వేలు కోస్తుంది. ఒక్క దెబ్బలో తీసేయాలని చూడకుండా పొరలు పొరలుగా చెక్కి, చివరి పొరను సన్నటి గరుకు కాగితంతో, నీళ్లు అద్దుతూ రుద్దాలి. చుట్టుపక్కల రివెట్ల మీద ముందే టేపు అంటించండి. అరిగిపోయిన రివెట్టును మళ్లీ పెట్టడం నరకం.

పాత రంగు తీయడానికి చాలామంది వాడేది ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొదట బాడీ లోపలి వైపు ఒక చుక్క వేసి, కాసేపు ఆగి చూడండి. అసిటోన్ జోలికి వెళ్లొద్దు, బాడీ పాలీస్టైరీన్ ప్లాస్టిక్‌ది అయితే కరిగిపోతుంది. కిటికీలు తెరిచి, మంటకు దూరంగా చేయాలి. రంగు ఊడిరాకపోతే మొండికేయకండి, నున్నగా రుద్ది దానిమీదే ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) కొట్టొచ్చు.

సూపర్‌గ్లూ సంగతి నేను చేజేతులా నేర్చుకున్నాను. క్యాబ్ అద్దాలు ఒక్కో చుక్కతో అంటించి, కదలకుండా రాత్రంతా మూత పెట్టి ఉంచాను. పొద్దున చూస్తే అద్దాలన్నీ పొగమంచు పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. జిగురు ఆవిరి బయటికి పోయే దారి లేక వాటిమీదే పేరుకుంది. అప్పటినుంచి అద్దాలకి ఆరాక పారదర్శకంగా మారే తెల్ల జిగురే.

ఇక రంగు. బాడీని డిష్ వాష్ లిక్విడ్‌తో కడిగి ఆరాక, ఒట్టి చేత్తో ముట్టుకోకండి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు స్ప్రే పక్కన పెట్టేయండి, లాకర్ (ద్రావకంతో కలిపిన, త్వరగా ఆరే) రంగులు పాలిపోయి తెల్లబడతాయి. మామూలు దుమ్ము మాస్కు ద్రావకం ఆవిర్లను ఆపదు, ఆ ఆవిర్లను పట్టుకునే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్నది కావాలి. లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. నీలం మీద పసుపు నిలబడదు. మాస్కింగ్ టేపు అంటించాక దాని అంచు మీద కింది రంగునే ఒక పలుచని పొర కొడితే, కొత్త రంగు లోపలికి పాకదు.

డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే నంబర్లు, గుర్తుల పల్చని పొరలు, మెరిసే వార్నిష్ మీదే వేయాలి. గరుకు మీద వేస్తే అడుగున గాలి చిక్కుకుని వెండిలా మెరుస్తుంది. మెత్తబరిచే ద్రవం రాశాక డెకాల్ ముడతలు పడుతుంది. అక్కడే చాలామంది కంగారుపడి వేలు పెడతారు. వదిలేస్తే అదే సర్దుకుంటుంది.

చక్రాలకు రంగు వేస్తే పట్టాను తాకే అంచును మాత్రం శుభ్రంగా ఉంచండి, లేకపోతే కరెంటు అందదు. చివర్లో బాడీ ఛాసిస్ మీద బిగుతుగా కూర్చుంటే నొక్కకండి. లోపలి అంచుల్లో చేరిన రంగును కొద్దిగా గీకితే అదే దిగుతుంది.