పెళ్లి వీసీడీలను డీవీడీలోకి చేర్చడం: వీడియోను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా

బీరువా అడుగున మిగిలిపోయిన పాత పెళ్లి వీసీడీలు రెండు మూడింటిని ఒకే డీవీడీలోకి చేర్చుకోవాలనుకునేవారు చాలామంది, డీవీడీ తయారుచేసే (ఆథరింగ్) సాఫ్ట్‌వేర్‌లోకి ఫైళ్లను లాగి వదిలేసి, అది గంటల తరబడి ఎన్‌కోడింగ్ (వీడియోను కొత్తగా కుదించి రాయడం) చేస్తూ ఉంటే ఆ పని తప్పనిసరేమోనని ఊరుకుంటారు. అది తప్పనిసరి కాదు. వీసీడీలోని వీడియో డీవీడీ ప్రమాణానికి ఉన్నది ఉన్నట్టుగానే సరిపోతుంది. మార్చవలసింది ధ్వని ఒక్కటే.

మన దగ్గర తయారైన వీసీడీల్లో సాధారణంగా ఉండేది పాల్ అనే టీవీ ప్రమాణం ప్రకారం, ఎంపెగ్-1 అనే పద్ధతిలో కుదించిన వీడియో: 352×288 కొలత, సెకనుకు 25 ఫ్రేములు, సెకనుకు 1150 కిలోబిట్ల బిట్‌రేటు. డీవీడీ అనగానే 720×576 ఎంపెగ్-2 మాత్రమే గుర్తుకొస్తుంది గానీ, సెకనుకు 1856 కిలోబిట్లు మించనంతవరకు 352×288 ఎంపెగ్-1 వీడియోను కూడా ఆ ప్రమాణం అనుమతిస్తుంది. చిన్న బొమ్మను టీవీ తెర నిండేలా పెంచే పని ప్లేయరే చేసుకుంటుంది కాబట్టి, ముందుగా మనం సాగదీసి పెట్టడం వల్ల కొత్తగా వచ్చే స్పష్టత ఏదీ లేదు.

నష్టం మాత్రం ఉంది. మా ఇంట్లో ఒక పెళ్లి వీసీడీని బయట ఇచ్చి డీవీడీ చేయించినప్పుడు దాన్ని స్వయంగా చూశాను. తలంబ్రాలు పోసుకునే ఘట్టంలో గాలిలోకి లేచిన బియ్యపు గింజలు వీసీడీలోనే కొంత గళ్లు గళ్లుగా ఉండేవి. ఎంపెగ్ బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది. కదలిక ఎక్కువై బిట్లు చాలనప్పుడు ఆ గళ్ల అంచులు బయటపడతాయి. అలాంటి బొమ్మను 720×576కు సాగదీస్తే పాత గళ్ల అంచులు కొత్త గళ్ల మధ్యలోకి జరుగుతాయి. ఎన్‌కోడర్‌కు అది లోపమని తెలియదు కనుక, ఆ అంచులను కూడా అసలు బొమ్మలో భాగంగానే భావించి, బిట్లన్నీ వాటికే ఖర్చుపెడుతుంది. మేము తెచ్చుకున్న డీవీడీలో గింజలు కలిసిపోయి పసుపు మసకగా మారాయి, వాటి వెనుక ఉన్న పెళ్లికూతురి ముఖం కూడా చెదిరింది. పాత టేపు లేని ఇంట్లో ఆ వీసీడీయే మూలం కాబట్టి, ఈ విషయంలో ఎంత జాగ్రత్తపడినా తక్కువే.

ముందుగా డిస్కులోని ఎంపెగ్‌ఏవీ ఫోల్డరు తెరిచి, ఏవీసెక్01 వంటి పేర్లతో ఉండే డాట్ (.dat) ఫైళ్లను హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. లినక్సులో ఇలా నేరుగా కాపీ చేయబోతే తరచుగా ఎర్రర్ వస్తుంది. అక్కడ వీసీడీఇమేజర్‌తో పాటు వచ్చే వీసీడీఎక్స్‌రిప్ అనే సాధనం వాడాలి. తరువాత, ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో ఒక్కొక్క ఫైలునూ తెరిచి పైన చెప్పిన అంకెలతో పోల్చండి. ధ్వని దగ్గర 44.1 కిలోహెర్ట్జ్ అని కనిపిస్తుంది. డీవీడీ అడిగేది 48 కిలోహెర్ట్జ్ కాబట్టి ఇది ఒక్కటే సరిపోని అంశం.

దీన్ని ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ లైన్ సాధనంతో సరిచేయవచ్చు. వీడియో కోడెక్ చెప్పవలసిన చోట ‘కాపీ’ అని, ధ్వనికి ఏసీ3 (డీవీడీల్లో వాడే కుదించిన ధ్వని), 192 కిలోబిట్లు, 48000 హెర్ట్జ్ అని, అవుట్‌పుట్ ఫార్మాట్‌గా ‘డీవీడీ’ అని ఇవ్వాలి. ‘కాపీ’ అన్న మాట మరిచిపోతే అది అడగకుండానే వీడియోను ఎంపెగ్-2లోకి మారుస్తుంది. పని మొదలైనప్పుడు తెర మీద వచ్చే స్ట్రీమ్ మ్యాపింగ్ (ఏ భాగాన్ని ఎలా మారుస్తుందో చెప్పే) వరుసల్లో వీడియో పక్కన బ్రాకెట్లలో ‘కాపీ’ అని కనిపిస్తేనే ముందుకు సాగండి. లేకపోతే అక్కడే ఆపేయండి.

ఇలా వచ్చిన ఫైళ్లను డీవీడీఆథర్‌కు ఇవ్వడం నా అలవాటు. అది సిద్ధంగా ఉన్న ఎంపెగ్‌ను తీసుకుని డీవీడీకి కావలసిన వీడియో_టీఎస్ ఫోల్డరు కడుతుందే తప్ప ఎన్‌కోడ్ చేయదు. మెనూలు కావాలంటే డీవీడీస్టైలర్ వాడి, ప్రతి టైటిల్ ప్రాపర్టీస్‌లోనూ వీడియో ఫార్మాట్‌ను ‘కాపీ’గా మార్చండి.

ఇక్కడ ఎక్కువమంది తడబడే సందర్భం ఒకటుంది. వీసీడీతో పాటు 720×576లో ఉన్న రిసెప్షన్ వీడియోను కూడా అదే డిస్కులో పెట్టాలనుకుంటే, రెండు కొలతలూ కలవవని సాఫ్ట్‌వేర్ అభ్యంతరం చెబుతుంది, దాంతో అన్నింటినీ ఒకే కొలతకు ఎన్‌కోడ్ చేసేస్తారు. కానీ కొలత, వెడల్పు-ఎత్తుల నిష్పత్తి ఒకేలా ఉండాలన్న నిబంధన ఒక టైటిల్‌సెట్‌కు (డిస్కులో ఒకే రకం వీడియోలను కలిపి ఉంచే విభాగానికి) మాత్రమే వర్తిస్తుంది, ఒక డిస్కులో 99 టైటిల్‌సెట్ల వరకు ఉండవచ్చు. వీసీడీ భాగాలను ఒక సెట్‌లో, రిసెప్షన్‌ను మరో సెట్‌లో పెడితే సమస్య తీరిపోతుంది.

సైజు విషయంలో వీసీడీలకు ఇబ్బంది రాదు. మూడు వీసీడీలు కలిపినా రెండున్నర జీబీకి అటూ ఇటూగానే ఉంటాయి, 4.7 జీబీ డిస్కులో సులువుగా పడతాయి. రిసెప్షన్ వీడియో వల్ల హద్దు దాటితే ముందు దాని ధ్వనిని చూడండి. కుదించని పీసీఎం ధ్వని గంటకు సుమారు 690 ఎంబీ తింటుంది. 192 కిలోబిట్ల ఏసీ3 అయితే 86 ఎంబీ చాలు. వీడియో జోలికి పోకుండానే గంటకు 600 ఎంబీ మిగులుతుంది. అప్పటికీ పట్టకపోతే రెండో డిస్కు తీసుకోవడమే మేలు.

అనవసరమైన ముక్కలు తీసేయాలంటే ఎవిడెమక్స్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియోను కాపీలోనే ఉంచి, ఐ-ఫ్రేముల (మిగతా ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి బొమ్మల) దగ్గర మాత్రమే కత్తిరించండి. కీబోర్డు మీద పైకి, కిందికి ఉన్న బాణాలు ఒక ఐ-ఫ్రేము నుంచి ఇంకో దానికి తీసుకెళతాయి. 15 ఫ్రేములకొకటి ఉన్న చోట వాటి మధ్య దూరం 0.6 సెకను. మంగళవాద్యం అర సెకను ముందు మొదలైనంత మాత్రాన వచ్చే లోటేమీ లేదు, దానికోసం ఫైలంతా ఎన్‌కోడ్ చేయకండి.

డిస్కు బర్న్ చేసే ముందు వీడియో_టీఎస్ ఫోల్డరును వీఎల్‌సీలో తెరిచి, కదలిక బాగా ఎక్కువగా ఉన్న ఘట్టం దగ్గర ఆపండి. పాత డాట్ ఫైలునూ పక్కన తెరిచి అదే ఫ్రేము దగ్గర నిలపండి. గళ్లతో సహా రెండూ అచ్చంగా ఒకేలా ఉండాలి. ఒక్క గింజ దగ్గర తేడా కనిపించినా ఎక్కడో ఒక దశలో ఎన్‌కోడింగ్ జరిగిందన్నమాట, స్ట్రీమ్ మ్యాపింగ్ దగ్గరి నుంచి మళ్లీ చూసుకోండి.