పాత అవుట్‌బోర్డ్ మోటారు స్టార్ట్ కాకపోయినా, టైమింగ్ తప్పినా: ఎక్కడ చూడాలి?

పడవ వెనక తగిలించే అవుట్‌బోర్డ్ మోటార్లలో, ఫ్లైవీల్ (ఇంజన్ మీద తిరిగే బరువైన చక్రం) కింద మాగ్నెటో (స్పార్క్‌కు కరెంటు పుట్టించే భాగం), పాయింట్లు (తెరుచుకున్నప్పుడు స్పార్క్ పుట్టించే స్విచ్) ఉండే పాత టూ-స్ట్రోక్ మోటార్లకు సంబంధించిన విషయం ఇది. వీటిలో టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, ఊరికే తప్పదు. పాయింట్ల గ్యాప్ మారాలి, ఫ్లైవీల్ కీ (ఫ్లైవీల్‌ను షాఫ్ట్ మీద సరైన స్థానంలో ఉంచే చిన్న లోహపు ముక్క) కోసుకుపోవాలి, లేదా థ్రాటిల్ లింకు అరగాలి. ఈ మూడూ చూడకముందే కార్బురేటర్ విప్పి కూర్చోవద్దు.

తాడు ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేదు

ప్లగ్గులు విప్పండి. తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, స్పార్క్ సంగతి చూడాలి. పొడిగా ఉంటే ముందు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ, పెట్రోలు పైపు, కార్బురేటర్ జెట్ (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం) చూడండి.

స్పార్క్ టెస్టర్‌ను 6 మి.మీ. గ్యాప్‌కు పెట్టి, బాడీకి ఎర్త్ చేసి, తాడు గట్టిగా లాగండి. నీలిరంగు స్పార్క్ చిటపటమంటూ దూకాలి. టెస్టర్‌ను ప్లగ్ రంధ్రానికి దూరంగా ఉంచండి, అక్కడి ఆవిరి అంటుకుంటుంది. స్పార్క్ అసలే లేకపోతే స్టాప్ స్విచ్ వైరు ఊడదీసి మళ్లీ లాగండి. అప్పుడు వచ్చిందంటే దోషం స్విచ్‌దో, దాని వైరుదో. అయిదు నిమిషాల పని, కానీ చాలామంది దీన్ని వదిలేసి నేరుగా ఫ్లైవీల్ మీద పడతారు.

అప్పటికీ రాకపోతే పాయింట్లే. చాన్నాళ్లు పక్కన పడేసిన మోటారులో పాయింట్ల ముఖాల మీద బూడిదరంగు పొర కడుతుంది. పాయింట్ ఫైలుతో తేలిగ్గా రుద్ది, కాంటాక్ట్ క్లీనర్‌లో తడిపిన అట్టముక్కను వాటి మధ్య లాగండి. ఎమరీ కాగితం వాడితే దాని రేణువులు లోపలే ఉండిపోతాయి.

గ్యాప్ పెట్టేటప్పుడు ఫ్లైవీల్‌ను ఇంజన్ తిరిగే దిశలోనే తిప్పి, పాయింట్ మడమను (క్యామ్‌కు ఆనే కొన) క్యామ్ (షాఫ్ట్‌తో తిరిగి పాయింట్లను తెరిచే ఎగుడుదిగుడు భాగం) ఎత్తైన చోటికి తీసుకురండి. చాలా జాన్సన్, ఎవిన్‌రూడ్ కంపెనీల మోటార్లకు 0.020 అంగుళం, అంటే 0.5 మి.మీ. మీ మోడల్ మాన్యువల్ వేరే అంకె చెబితే అదే ఖాయం. గ్యాప్ కొలిచే ఫీలర్ గేజ్ బ్లేడు కాస్త పట్టుతో జారాలి. కొత్త గేజ్‌కు తుప్పు పట్టకుండా నూనె రాసి ఉంటుంది, అది పాయింట్లకు అంటిందంటే ఉన్న స్పార్క్ కూడా పోతుంది. బ్లేడు ముందే తుడవండి, చివర్లో పొడి అట్టముక్క ఇంకోసారి లాగండి.

గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుని టైమింగ్ ముందుకు జరుగుతుంది, తగ్గితే వెనక్కి. రెండు సిలిండర్ల గ్యాప్‌లు వేర్వేరుగా ఉంటే ఒకటి ముందు, ఒకటి వెనక కొట్టి ఐడిలింగ్ కుదురుగా ఉండదు.

స్పార్క్ నారింజరంగులో బలహీనంగా ఉంది, లేదా వేడెక్కాక ఆగిపోతోంది

కాయిల్ పైతొడుగు మీద పగుళ్లు వెతకండి. కరెంటు అందులోంచి బాడీకి దూకేస్తుంది. పాయింట్లు త్వరత్వరగా కాలిపోయి గుంటలు పడుతుంటే కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పురవ్వలను తగ్గించే భాగం) మార్చాల్సిందే.

తాడు చేతిని వెనక్కి గుంజుతోంది, కార్బురేటర్ తుమ్ముతోంది

స్పార్క్ బాగానే ఉండి ఇలా చేస్తే ముందు ప్లగ్ వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. కాకపోతే అనుమానం ఫ్లైవీల్ కీ మీదికే. ఫ్లైవీల్‌ను ఊడదీసే పుల్లర్ బోల్టులను దాని మధ్య భాగంలోని మరల రంధ్రాలకే బిగించండి. అంచు పట్టి లాగితే ఫ్లైవీల్ వంకరపోతుంది.

కీని వేలి మీద పెట్టి చూడండి: సగం కోసుకుపోయిన కీకి పక్కన చిన్న మెట్టు కనిపిస్తుంది. ఆ మెట్టు ఎంతో టైమింగ్ అంత తప్పినట్టు. నిజానికి ఫ్లైవీల్‌ను పట్టి ఉంచేది కీ కాదు, షాఫ్ట్ టేపర్ (క్రమంగా సన్నబడే కొన). అందుకే కొత్త కీ వేసే ముందు షాఫ్ట్, ఫ్లైవీల్ రెండింటి టేపర్లనూ సాల్వెంట్‌తో తుడిచి, చుక్క నూనె లేకుండా ఆరనిచ్చి, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు నట్టు బిగించండి. వదులుగా వదిలితే మొదటి బ్యాక్‌ఫైర్‌కే కొత్త కీ కూడా పోతుంది.

స్టార్ట్ అవుతుంది, థ్రాటిల్ ఇవ్వగానే గొంతు పట్టినట్టు ఆగిపోతుంది

ఈ రకం మోటార్లలో థ్రాటిల్ తిప్పితే మాగ్నెటో ప్లేటు తిరిగి టైమింగ్ ముందుకు వస్తుంది, ప్లేటు కింది క్యామ్ కార్బురేటర్ రోలర్‌ను తోస్తుంది. రోలర్ క్యామ్ మీది గుర్తు దగ్గరికి చేరినప్పుడే బటర్‌ఫ్లై (కార్బురేటర్‌లో గాలిని అదుపు చేసే పలక) కదలడం మొదలవ్వాలి. ముందే తెరుచుకుంటే స్పార్క్ వెనకబడి ఇంజన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. లింకు స్క్రూ వదులు చేసి, గుర్తు కలిపి, మళ్లీ బిగించండి. నడిపి చూసేటప్పుడు కింది భాగం నీళ్లలోనే ఉండాలి. పొడిగా నడిపితే ఇంజన్‌ను చల్లబరిచే నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ (తిరిగే రెక్కల చక్రం) క్షణాల్లో పాడవుతుంది.