ఇంటర్ అయ్యాక ఉద్యోగమా, బీటెక్కా? సంతకం పెట్టేముందు ఇవి చూసుకోండి

డిప్లొమాతో ఉద్యోగంలో చేరి, పని చేసుకుంటూనే డిగ్రీ పూర్తి చేసినదాన్ని నేను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ చూస్తున్నాను, ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేస్తుంటాను. పని ఉద్యోగంలోనే వస్తుంది. అలాగని డిగ్రీ మాత్రం వదులుకోవద్దు. చాలా కంపెనీల దరఖాస్తులో డిగ్రీ గడి ఖాళీగా ఉంటే మీ రెజ్యూమె నాలాంటివాళ్ల దాకా రాదు. అమెరికాలో ఉద్యోగానికిచ్చే హెచ్‌1బీ వీసాకి డిగ్రీ లేకపోతే మూడేళ్ల అనుభవాన్ని ఏడాది చదువు కింద లెక్కేస్తారు. అంటే నాలుగేళ్ల డిగ్రీకి బదులు 12 ఏళ్ల పని చూపించాలి.

కాబట్టి రెండూ కలిసొచ్చే దారి వెతకండి. ఇంటర్ వాళ్లకు హెచ్‌సీఎల్ టెక్‌బీ ఉంది, అందులో శిక్షణ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకుంటారు, పని చేస్తూనే డిగ్రీ చదువుకోవచ్చు. 2020లో మొదలైన ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ డేటా సైన్స్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, వాళ్లే పెట్టే అర్హత పరీక్ష (క్వాలిఫయర్) గట్టెక్కితే చాలు. డిప్లొమా వాళ్లు ఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. బీఎస్సీ, బీసీఏ చేసినవాళ్లను విప్రో ఉద్యోగంలోకి తీసుకుని, తనే ఫీజు కట్టి ఎంటెక్ చదివిస్తుంది.

ఆఫర్ లెటర్ చేతికొచ్చాక అమ్మానాన్నలతో కూర్చుని చదవండి. బాండ్, అంటే మానకుండా పనిచేస్తామని రాసిచ్చే ఒప్పందం, ఎన్నేళ్లు? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి? శిక్షణకు ఫీజు ఉందా? డిగ్రీ ఏ యూనివర్సిటీది, పరీక్షలకు సెలవిస్తారా? నోటిమాట నమ్మకండి, మెయిల్‌లో రాయించుకోండి. దూరవిద్యలో బీటెక్ ఇస్తామని ఎవరైనా అంటే అక్కడితో ఆగిపోండి, దానికి గుర్తింపు లేదు.

చేరాక మొదటి ఆరు నెలలు చాలా విలువైనవి. సాఫ్ట్‌వేర్‌లో వచ్చిన సమస్యను నమోదు చేసే ఫిర్యాదును టికెట్ అంటారు. మూసేసిన పాత టికెట్లు రోజుకొకటి తెరవండి. కస్టమర్ ఏమన్నాడు, డెవలపర్ ఎక్కడ మార్చాడు, టెస్టర్ ఏం చూసి సరే అన్నాడు, మొత్తం చదవండి. వీలైతే ఆ బగ్‌ను (లోపాన్ని) పరీక్షల కోసం పెట్టిన టెస్ట్ సర్వర్‌లో మళ్లీ రప్పించండి. డేటాబేస్‌ను అడిగే ఎస్‌క్యూఎల్, కోడ్ మార్పులు దాచే గిట్, సర్వర్లలో వాడే లినక్స్ కమాండ్లు ఇలా పనిలో పడితేనే చేతికి అలవాటవుతాయి. అడగడానికి సీనియర్ దగ్గరికి వెళ్లేముందు మీరేం ప్రయత్నించారో, ఏ ఎర్రర్ వచ్చిందో రాసుకుని వెళ్లండి. అలా వచ్చినవాళ్లకు నేను ఎంతసేపైనా కూర్చుని చెబుతాను. డిగ్రీలో డీబీఎంఎస్ (డేటాబేస్) పాఠంలో డేటాను త్వరగా వెతికిపెట్టే ఇండెక్స్ గురించి చదివిన వారమే, మీ ప్రాజెక్టులో నత్తనడక నడిచే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) ఒకటి పట్టుకుని చూడండి. అప్పుడు ఆ పాఠం పరీక్ష అయ్యాక కూడా గుర్తుంటుంది.

హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అమీర్‌పేటలో కోర్సుకు డబ్బు కట్టేది ఆ టూల్ పేరు మీ టీమ్‌లోనో, మీకు కావాల్సిన ఉద్యోగ ప్రకటనల్లోనో పదేపదే కనిపించాకే. కోర్సుతో పాటు ఎక్స్‌పీరియన్స్ లెటర్ కూడా ఇప్పిస్తామంటే వెంటనే బయటికి వచ్చేయండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా చూస్తారు. చేయని ఉద్యోగానికి అందులో జమ ఉండదు, దొరికితే చేతిలో ఉన్న ఉద్యోగమూ పోతుంది.