స్టార్ డెల్టా మోటారుకు రిలే ఎంతలో పెట్టాలి?

చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ మెషీన్ల దగ్గర మోటారు కాలిపోతుంది, ఓవర్‌లోడ్ రిలే (కరెంటు ఎక్కువైతే మోటారును ఆపేది) మాత్రం ట్రిప్ అవదు. రివైండింగ్‌కు ఒంగోలు పంపి, రెండు రోజులు పని ఆపుకోవాలి. నేను చూసినవాటిలో చాలావరకు రిలే సెట్టింగే తప్పు.

నేమ్‌ప్లేట్ మీద ఎన్ని ఆంపియర్లుంటే రిలే అంతకే తిప్పేస్తుంటారు. డైరెక్ట్ స్టార్టర్‌కు అది సరే. స్టార్ డెల్టా స్టార్టర్ మోటారును ముందు స్టార్ కనెక్షన్‌లో మొదలుపెట్టి, తర్వాత డెల్టాకు మారుస్తుంది. ఇందులో రిలే మామూలుగా మెయిన్ కాంటాక్టర్ (కరెంటును కలిపే స్విచ్) కింద, వైండింగ్‌కు వెళ్ళే వైర్లలో ఉంటుంది. డెల్టాలో నడిచేటప్పుడు అక్కడ పారేది లైన్ కరెంటులో (మెయిన్ నుంచి వచ్చే కరెంటులో) 58 శాతమే. కాబట్టి నేమ్‌ప్లేట్ అంకెను 0.58తో హెచ్చించండి. ఉదాహరణకు 28 ఆంపియర్లుంటే 16 దగ్గర పెట్టాలి. 28లోనే వదిలేస్తే రిలే ఉన్నా లేనట్టే.

కొన్ని పాత ప్యానెళ్ళలో రిలే మెయిన్ లైన్‌లోనే ఉంటుంది. దానికి ఈ లెక్క పెడితే ఊరికే ట్రిప్ అవుతుంది, అక్కడ పూర్తి 28 పెట్టాల్సిందే. అనుమానముంటే, మోటారు డెల్టాలోకి మారాక (ముందు చూస్తే రెండూ ఒకటే చూపిస్తాయి) ఎలక్ట్రీషియన్‌తో రిలే వైరుకు, ఇన్‌కమింగ్ వైరుకు క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టించి పోల్చండి.